ఇంజిన్ మీద సంగటి ముద్దలు

కువైట్‌లో ఆగస్టు మధ్యాహ్నం గాలి ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, లేనివాళ్లకు చెప్పినా నమ్మరు. కాలిన పెనం మీద నీళ్లు చల్లి ముఖం అడ్డం పెట్టుకున్నట్టు ఉంటుంది. ఆ గాలికి ‘చల్లగాలి’ అని పేరు పెట్టి, దాన్ని ప్రత్యేకంగా ఇంజిన్‌లోకి తోయించుకోవడానికి కార్ల బానెట్లు మార్పించుకునే మహానుభావులు అర్దియాలోని మా షెడ్డు ముందు వరస కట్టేవాళ్లు. ఆ బానెట్లు బిగించేవాణ్ని నేను. పదకొండేళ్లు ఆ పుణ్యం చేసుకున్నాను.

అవి అమెరికా బండ్లు. రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్లు, ముందుభాగం మంచమంత పొడవు. కండలు తిరిగిన పహిల్వాన్లా కనిపిస్తాయి, మలుపు దగ్గర గంగిరెద్దులా తిరుగుతాయి. వాటికి అమెరికా నుంచే పెట్టెలో ఫైబర్ బానెట్ వచ్చేది. దాని నడుమ ఒక బొడిపె, బొడిపె ముందు నోరు. మేం దాన్ని ముక్కు అనేవాళ్లం. బండి పరిగెడుతుంటే ఎదురుగాలి ఆ ముక్కులో దూరి, కింద పళ్లెంలో పడి, నేరుగా ఎయిర్ ఫిల్టర్‌లోకి వెళుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బండి ఇంకా ఉరుకుతుంది. దీన్ని ర్యామ్ ఎయిర్ అంటారు. నేను మూడో తరగతితో బడి మానినవాణ్ని. ఇంగ్లీషు నేర్చుకున్నది ఆ పెట్టెల్లో వచ్చే పుస్తకాలతోనూ, అట్ట ఊడిన ఒక నిఘంటువుతోనూ. ర్యామ్ అంటే ఏమిటని చూస్తే ‘పొట్టేలు’ అని ఉంది. ఆ ముక్కతో నాకు మొత్తం యంత్రం అర్థమైపోయింది. పొట్టేలు కుమ్మినట్టు గాలి కుమ్ముతుందన్నమాట. పాలిటెక్నిక్ చదివి వచ్చిన ఇంజినీర్లు నాకు ఈ విషయం గంటసేపు బోర్డు మీద గీసి చెప్పబోయారు, పాపం.

నా బాధల్లా ఒకటే. పదిమందిలో తొమ్మిదిమందికి ముక్కు కావాలి, రంధ్రం వద్దు. దుమ్ము పోతుందట. ముక్కు పెట్టించుకొని ఊపిరి మాత్రం చెవుల్లోంచి పీలుస్తామనే జాతి అది. మూసిన ముక్కును పైన అతికించి పంపమనేవాళ్లు. నేను అతికించేవాణ్ని, కానీ అతికించేటంతసేపూ తెలుగులో వాళ్లకు వినిపించేలాగే తిట్టేవాణ్ని. వాళ్లు అది మంత్రమనుకొని తల ఊపేవాళ్లు.

నిజంగా రంధ్రమున్న బానెట్ పెట్టాలంటే పద్ధతి వేరు. ఫైబర్ తేలిక కాబట్టి ఇనప బానెట్‌కు పెట్టిన పాత స్ప్రింగులు తీసెయ్యాలి. లేకపోతే రెండు వారాల్లో వెనకవైపు విల్లులా వంగుతుంది. ఆ తర్వాత బానెట్ మూసినప్పుడు ఫిల్టర్ డబ్బాకూ బానెట్ లోపలి వైపుకూ ఎంత సందు మిగిలిందో కొలవాలి. మూసిన బానెట్ కిందకు చెయ్యి పోదు, చూపు పోదు. అందుకని మెత్తటి బంకమట్టి ఉండలు ఫిల్టర్ మీద నాలుగు చోట్ల పెట్టి, బానెట్ మెల్లగా మూసి, తెరిచి, ఉండలు ఎంత అణిగాయో చూడాలని పుస్తకంలో రాసుంది. ఉండ మందం వేలికంటే తక్కువైతే, ఇంజిన్ ఊగినప్పుడు డబ్బా బానెట్‌ను గుద్దుతుంది.

బంకమట్టి ఆ ఎండకు కారిపోయేది. పుస్తకం రాసినవాడు అర్దియాకు వచ్చి రాయలేదు కదా. నేను కడపవాణ్ని. చల్లారిన రాగిసంగటి గురించి నాకు ఎవడూ చెప్పనక్కర్లేదు. కారదు, అంటుకోదు, వేలు పెడితే వేలిముద్ర సాయంత్రం దాకా ఉంటుంది. ఊరినుంచి ఎవరొచ్చినా నాకొక రాగిపిండి సంచి తెచ్చేవాళ్లు. రాత్రి సంగటి చేసుకొని, మిగిలిన ముద్ద పొద్దున షెడ్డుకు పట్టుకెళ్లేవాణ్ని. మా షెడ్డులో రంగులేసే మనిషి ఒకడుండేవాడు. రాయచోటి సాయిబు, నాకంటే ఐదేళ్లు చిన్న. నేను ముద్దలు పెట్టినప్పుడల్లా చేతులు కట్టుకొని నిలబడేవాడు.

“ఊదుబత్తి కూడా వెలిగించన్నా. నైవేద్యం పెట్నాంక అట్లే పోతే బాగుండదు.”

“నీ రంగు ఆరిందా?”

“ఆరింది. దేవుడు తిన్నాడా?”

ఇలా ఉండేది మా వ్యవహారం.

తొంభైలో, జూలై చివర ఓడలో ఒక బానెట్ దిగింది. ఆకుపచ్చ బండిది. ఆ బండి యజమాని కాలేజీ చదివే కువైటీ పిల్లవాడు. పదిమందిలో పదోవాడు వాడే. రంధ్రం కావాలన్నాడు, ఎందుకు కావాలో కూడా చెప్పాడు. అందుకే వాడంటే నాకు ఇష్టం. నా చేతిలో అప్పటికే రెండు బండ్లున్నాయి కాబట్టి, శనివారం తీసుకురమ్మన్నాను. నేను ‘శనివారం’ అన్న మాట ఇరాక్ దాకా వినబడిందేమో, వాళ్లు రెండు రోజులు ముందుగా గురువారమే వచ్చేశారు. తుపాకులతో, ట్యాంకులతో, మొత్తం దేశాన్నే రిపేరుకు పట్టుకెళ్లడానికి.

మా కఫీల్, అంటే వీసా ఇచ్చి మమ్మల్ని పెట్టుకున్న యజమాని, ఎండాకాలం గడపడానికి లండన్ వెళ్లి ఉన్నాడు. మా పాస్‌పోర్టులు మాత్రం షెడ్డు వెనక గదిలో ఇనప బీరువాలో గడుపుతున్నాయి. తాళం పగలగొట్టాం. జన్మలో నేను చేసిన దొంగతనం అదొక్కటే, అదీ నా పేరున్న వస్తువునే.

పాస్‌పోర్టు చేతికొచ్చినా నేను కదలలేను. నా భార్య షర్క్ పక్కన పాత ఇళ్ల వీధిలో ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఇంటి యజమానురాలిని అక్కడ పనిచేసే మన ఆడవాళ్లు మామా అంటారు. ఆ ఇంటి మామా డెబ్బై దాటిన మనిషి. కొడుకులూ కోడళ్లూ ఎండాకాలమని యూరప్ పోయారు. ఇంట్లో మిగిలింది ఆ ముసలమ్మ, నా భార్య. మొదటి మూడు రోజులు నేను చేస్తే ఆ ఇంటి ఫోన్ మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. నాలుగో రోజు నుంచి మోగడమూ ఆగింది. షర్క్ సముద్రం ఒడ్డున ఉంది కాబట్టి అటువైపు దారులన్నీ సైనికులే. రెండుసార్లు నడిచి వెళ్లాను. మొదటిసారి తిట్టి పంపారు. రెండోసారి తిట్టకుండా నా చేతిగడియారం తీసుకొని పంపారు. మమ్మల్ని ఉద్ధరించడానికి వచ్చినవాళ్లకు టైము తెలియాలి కదా మరి.

మావాళ్లు ఒక్కొక్కరే లారీల్లో, బస్సుల్లో బస్రా మీదుగా జోర్డాన్ వైపు వెళ్లిపోతున్నారు. రాయచోటి మనిషిని కూడా వెళ్లమన్నాను. 

“వదిన వచ్చినాంక పోదాం,” అన్నాడు. 

“నీ భార్యాబిడ్డలు ఊళ్లో ఏడుస్తుంటారు గదా.” 

“ఏడుస్తాంటారు. నేను బోయి నువ్వు రాలేదని చెప్తే ఇంకా ఏడుస్తారు. ఉండనీ.”

మూడో వారంలో ఒక పొద్దున షెడ్డు ముందు ఆకుపచ్చ బండి ఆగింది. నాకు ప్రాణం లేచొచ్చింది, పిల్లవాడు బతికే ఉన్నాడని. దిగింది ఇరాక్ కెప్టెను. మీసాలు, నల్ల కళ్లద్దాలు, వెనక ఒక సైనికుడు. బండి అదేనా అని చూశాను. ఎడమ మడ్‌గార్డు మీద రాయచోటి మనిషి వేసిన రంగు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. అదే.

కెప్టెను సీటు కింద నుంచి ఒక కాగితం తీసి చూపించాడు. మేం ఆ పిల్లవాడికి రాసిచ్చిన రసీదు. బానెట్ వచ్చింది, శనివారం బండి తేవాలి అని. దొంగ బండితోపాటు అపాయింట్‌మెంటు కూడా ఎత్తుకొచ్చిన దొంగను నేను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

“ఈ బానెట్ ఎక్కడ?” అని అరబ్బీలో అడిగాడు. 

పెట్టె గోడ పక్కనే ఉంది. లేదనడానికి అది అగ్గిపెట్టె కాదు. 

“రేపు మధ్యాహ్నానికి బిగించు. పైన ఉత్తుత్తి ముక్కు కాదు, గాలి లోపలికి పోవాలి,” అన్నాడు. 

పదకొండేళ్లలో రంధ్రం విలువ తెలిసి అడిగినవాళ్లు ఇద్దరే వచ్చారు నా దగ్గరికి. ఒకడి బండిని ఇంకొకడు ఎత్తుకొచ్చాడు.

నాకొచ్చిన అరబ్బీలో నా భార్య సంగతి చెప్పాను. షర్క్ దాకా పోయి ఆమెను తెచ్చుకోవడానికి, ఇద్దరం బస్రా దాకా పోవడానికి ఒక కాగితం కావాలన్నాను. కెప్టెను నవ్వాడు. 

“హిందీలు మాకు సోదరులు. బానెట్ బిగించు, వరఖా రాసిస్తా,” అన్నాడు. హిందీలంటే ఇండియావాళ్లు, వరఖా అంటే కాగితం. సైనికుణ్ని కాపలా పెట్టి, వెంట వచ్చిన జీపు ఎక్కి వెళ్లాడు.

రాయచోటి మనిషి అప్పటిదాకా రంగు డబ్బా కలుపుతూనే ఉన్నాడు, అందులో రంగు లేకపోయినా.

“ఆ బండి వానిది కాదు గదన్నా.”

“తెలుసు.”

“ఆ పిలగాడు వచ్చి అడిగితే ఏం చెప్తావు?”

“శనివారం రమ్మన్నా. మూడు శనివారాలు పోయినాయి.”

“రాకుంటే వాని తప్పా అది?”

నేను స్ప్రింగులు విప్పడం మొదలుపెట్టాను. పాత స్ప్రింగులు అలాగే వదిలేస్తే బానెట్ వంగి, బాగ్దాద్ చేరిన కొన్నాళ్లకే విరుగుతుందని నాకు తెలుసు. సందు చూడకుండా బిగిస్తే డబ్బా గుద్దుకొని ఇంకా ముందే పగులుతుంది. దేశభక్తి లాంటిది చెయ్యాలనుకుంటే ఏమీ చెయ్యకుండా ఉంటే చాలు. ఎంత సులువో చూడండి. నా చేతులు ఆ పని చెయ్యలేదు. చేతులకు దేశం లేదు, పద్ధతి ఉంది. ఇప్పుడు మా వీధిలో గోడ కట్టే మేస్త్రీలు మట్టం చూడకుండా ఇటుక పెట్టి, ప్లాస్టర్‌తో సరిచేస్తాం అంటారు. వాళ్లయితే ఆ రోజు దేశభక్తులైపోయి ఉండేవాళ్లు.

మర్నాడు పొద్దున లేచి సంగటి కెలికాను. డబ్బా అడుగున మిగిలిన పిండి మొత్తం అంతే. బయట రొట్టెల దుకాణం ముందు వరస మసీదు మలుపు దాకా ఉండేది, లోపల రొట్టెలు సగం వరసకు కూడా చాలేవి కావు.

“మనం తినేదానికి లేదు, దొంగబండికి పెడతాండావా?” అన్నాడు రాయచోటి మనిషి.

“తర్వాత తీసి తిందాం లే.”

“గ్రీజుతోనా?”

“నంజుకోను ఏదో ఒకటి ఉండాల గదా.”

సంగటి చల్లారాక షెడ్డులో కొత్త బానెట్ ఎక్కించి, ఫిల్టర్ డబ్బా మీద నాలుగు ముద్దలు పెట్టి, మెల్లగా మూశాను. స్పానర్ కోసం వెనక గదిలోకి వెళ్లాను. ఆ సందులో కాపలా సైనికుడు, వాళ్ల కెప్టెనుగారి కొత్త ముక్కు ఎలా ఉందో చూద్దామని బానెట్ ఎత్తాడు. వాడి పక్షాన ఆలోచించండి. ఆక్రమించిన ఊళ్లో, మన అధికారి బండిలో, ఇంజిన్ మీద, వైర్ల పక్కన, నల్లగా, జిగటగా, వేలిముద్రలతో ఒత్తిన నాలుగు ముద్దలు.

“కుంబలా,” అని ఒక్క అరుపు అరిచాడు. బాంబు. 

నేను బయటికి వచ్చేసరికి తుపాకీ గొట్టం నా పొట్ట మీదికి ఉంది. వాడు ఎంత గట్టిగా వణుకుతున్నాడంటే, నాకు తుపాకీకంటే వాడి భయానికే ఎక్కువ భయమేసింది.

“తినేది, తినేది,” అని అరబ్బీలో చెప్పాను. 

“ఇంజిన్‌కు తిండి పెడతావా?” అన్నాడు. 

వాడడిగింది న్యాయమైన ప్రశ్న. పదకొండేళ్లుగా రాయచోటి మనిషి అడుగుతున్నదీ అదే.

అరుపుకు వీధి చివర ఉన్నవాళ్లు పరిగెత్తుకొచ్చారు. కాసేపటికి కెప్టెనూ వచ్చాడు. నల్ల కళ్లద్దాలు తీశాడు. బండికి ఇరవై అడుగుల దూరంలో నిలబడి ఏమిటది అన్నాడు. చెప్పాను. మా ఊరి ధాన్యం, దాని పిండి, దాని ముద్ద, సందు కొలిచే పద్ధతి. ఒక్క ముక్క కూడా నమ్మలేదు. నా భార్య షర్క్‌లో ఉందన్న సంగతి ఒక్కటే నా తలలో తిరుగుతోంది. ఇక్కడ నన్ను కాల్చేస్తే ఆమెకు చెప్పేవాడు కూడా ఉండడు, ఎందుకంటే రాయచోటి మనిషిని కూడా కాల్చేస్తారు.

నేను బండి దగ్గరికి నడిచి, ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను.

“అన్నీ,” అన్నాడు కెప్టెను.

రెండోది తిన్నాను. ఎండకు వేడెక్కిన గ్రీజు రుచి ఎలా ఉంటుందో కూడా నాకు ఇంకెవరూ బోర్డు మీద గీసి చెప్పనక్కర్లేదు. మూడోది తీస్తుంటే, రెండు చేతులూ పైకెత్తి నిలబడిన రాయచోటి మనిషి అన్నాడు.

“అన్నా, ఒకటి నాకియ్యి. నిన్నట్నుంచి ఏం తినలే.”

తెలుగు రాకపోయినా కెప్టెనుకు అర్థమైంది. చేతులు దించమన్నాడు. మూడోది నేను మింగి, నాలుగోది వాడికి ఇచ్చాను. వాడు దాన్ని తిప్పి చూసుకొని, అంచున ఉన్న గ్రీజును గోటితో తీసేసి, బిస్మిల్లా అని తిన్నాడు. కెప్టెను గోడ పక్కన పేర్చిన పాత టైర్ల మీద కూలబడి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. సైనికులు కూడా నవ్వారు. మా ఆకలి వాళ్లకు అంత సంతోషం కలిగించినందుకు మేం కూడా సంతోషించాలి కాబోలు.

అందరూ నవ్వుతుంటే నాకు గుర్తొచ్చింది, కొలత తినేశానని. ముద్దలు పొట్టలో ఉన్నాయి, పిండి డబ్బా ఖాళీ. మళ్లీ చెయ్యడానికి చిటికెడు లేదు. కానీ ఎడమవైపు ముద్ద ఎత్తేటప్పుడు నా వేలికి తగిలింది, అది పల్చగా ఉంది. వేలు మరచిపోదు. ఆ డబ్బా విప్పి, అడుగు పళ్లెం ఒక వాషర్ మందం కిందకి దించి, మళ్లీ బిగించాను. అది చూసేవాడు ఎవడూ లేడు. పళ్లెం చుట్టూ రబ్బరు అంటించాను. మధ్యాహ్నానికి ముక్కు తెరుచుకొని, ఆకుపచ్చ బండి తయారైంది. ఎవరిదో తెలిసిన బండి. నా చేతిలో నుంచి వెళ్లినవాటిలో అంత బాగా కుదిరిన బానెట్ ఇంకొకటి లేదు. ఇది చెప్పుకోవడానికి నాకేమీ గొప్పగా లేదు.

కెప్టెను మా షెడ్డు బిల్లుపుస్తకంలోనే ఒక కాగితం చించి, నాలుగు వరసలు రాసి, జేబులోంచి ముద్ర తీసి కొట్టి ఇచ్చాడు. తెలుగు చదువుతాను, ఇంగ్లీషు చదువుతాను, హిందీ బోర్డులు చదువుతాను. అరబ్బీ మాట్లాడ్డం వచ్చుగానీ రాత రాదు. ఎప్పుడూ పనిపడలేదు. భద్రంగా మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నమే బయలుదేరాను. ఒక నీళ్ల లారీ కొంతదూరం ఎక్కించుకుంది, మిగతా నడిచాను. ప్రతి కాపలా దగ్గరా కాగితం ఇచ్చాను. ప్రతివాడూ చదివి, నన్ను పైనుంచి కిందికి చూసి, నవ్వి, యల్లా పొమ్మన్నాడు. ఒకడు వీపు మీద తట్టాడు కూడా. కెప్టెను ముద్దల సంగతి రాశాడేమో, అందుకే నవ్వుతున్నారనుకున్నాను.

ఇంటి తలుపు కొడితే చాలాసేపు పలకలేదు. తర్వాత నా భార్య గొంతు లోపలినుంచి, “ఎవురు?” అంది. నేనే అని చెప్పాక గడియ తీసింది. సన్నబడింది. ఏడవలేదు. 

“ఇప్పుడు తెలిసిందా ఇంటికి దావ?” అంది.

ఆమె వెనక ముసలమ్మ, చేతిలో కర్ర. ఆమెకు నేను అంతకుముందు రెండుసార్లు కనిపించాను, పండగలకు. 

“ఇరవై రోజులు ఎక్కడున్నావు?” అని అడిగింది అరబ్బీలో. 

దారుల సంగతి చెప్పాను, గడియారం సంగతి చెప్పాను, ఇప్పుడు కాగితం దొరికిందని చూపించాను. ఆమె కళ్లజోడు తెచ్చుకొని, కిటికీ దగ్గరికి వెళ్లి, మొత్తం చదివింది. తర్వాత పైకే చదివింది, నాకు అర్థమయ్యేలా మెల్లగా.

“ఈ హిందీ మా పనివాడు. మా సైన్యానికి విధేయుడు. మాకు మంచి సేవ చేశాడు. ఇతన్నీ ఇతని భార్యనూ బస్రా దాకా పోనివ్వండి.”

కాగితం దించింది. 

“ఏం సేవ?”

అబద్ధం చెప్పొచ్చు. ఆ ముసలమ్మ కళ్లజోడు లోంచి చూస్తుంటే చెప్పలేకపోయాను. బండికి బానెట్ బిగించాను అన్నాను. 

“వాళ్ల బండికా?” 

కాదన్నాను. కువైటీ పిల్లవాడిది అన్నాను. 

“వాడెక్కడ?” 

తెలియదన్నాను.

ఆమె నన్ను ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర బోలెడు జవాబులున్నాయి. ఇప్పటికీ ఉన్నాయి.

“నిన్ను ఒక్కదాన్నే ఇడిసిపెట్టి యాడికీ పోను మామా,” అంది నా భార్య, సగం తెలుగు, సగం అరబ్బీ. ఇంత చేసి తెచ్చుకున్న కాగితానికి ఆమే రానంటే, నేను ఎవరి కోసం విధేయుణ్నయ్యాను?

ముసలమ్మ లోపలికి వెళ్లింది. బియ్యం డబ్బాలోంచి నా భార్య పాస్‌పోర్టు తీసి, బియ్యం దులిపి తెచ్చింది. వెనక సందులో తన చెల్లెలి ఇంట్లో ఉంటానంది, అక్కడ మనుషులున్నారంది. నా భార్య తల మీద చెయ్యి పెట్టి ఏదో చదివింది. పాస్‌పోర్టునూ కాగితాన్నీ కలిపి ఆమె చేతిలో పెట్టింది. నేను కూడా చెయ్యి చాచాను, ఆమె చూడలేదు.

“వీణ్ని చూసి పంపడం లేదు,” అంది నా భార్యతో. “ఈ కాగితం పనిచేస్తుంది కాబట్టి పంపుతున్నా. వెళ్లు.”

వీధిలో నా భార్య రెండు అడుగులు ముందు నడుస్తోంది, కాగితం రవికెలో ఉంది. అర్దియాలో రాయచోటి మనిషి ఎదురుచూస్తున్నాడని, ముగ్గురం కలిసి బస్సు ఎక్కుదామని చెప్పాను. ఊ అంది. మొదటి కాపలా దగ్గర ఆమే కాగితం తీసి ఇచ్చింది. సైనికుడు చదివాడు, నన్ను పైనుంచి కిందికి చూశాడు, నవ్వాడు. వచ్చేటప్పుడు వీపు తట్టినవాడే. ఈసారి అతను ఎందుకు నవ్వుతున్నాడో నాకు తెలుసు. నా ముఖంలో ఏం కనిపించిందో గానీ, అతని నవ్వు తగ్గడం మొదలైంది, చెయ్యి కాగితం మీదే ఆగిపోయింది.

నా భార్య నావైపు తిరగకుండానే, తెలుగులో, మెల్లగా అంది.

“నవ్వయ్యా. బస్రా దాకా నవ్వాల నువ్వు.”

నవ్వాను.